చమురు మంత్రి కొడుక్కి వచ్చిన జబ్బు

మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది ఆవిడ. గుమ్మం దగ్గరే ఆగి, మెట్ల కిందికి ఒకసారి తొంగిచూసి, వెనకాల ఎవరూ రావడం లేదని తేల్చుకున్నాకే లోపల కాలు పెట్టింది.

"డిటెక్టివ్‌గారు ఉన్నారా బాబూ?"

"ఉన్నారమ్మా, కూర్చోండి," అంటూ మేనల్లుడు కుర్చీ జరిపాడు.

ఆవిడ కూర్చోలేదు. లోపలి గదిలోంచి వచ్చిన మనిషిని చూసి, అసలాయన ఎక్కడున్నాడా అన్నట్టు ఆ మనిషి భుజం మీదుగా వెనక్కి చూసింది. కొత్తగా వచ్చినవాళ్ళంతా అలాగే చూస్తారు. అరవై దాటిన, చెవిలో పెన్సిలు దోపుకున్న, పొట్టి ఆడమనిషి డిటెక్టివ్ అని ఒప్పుకోవడానికి ఎవరికైనా కాస్త సమయం పడుతుంది.

ఊళ్ళో అందరూ ఆవిడని స్టెనోగారనే పిలుస్తారు. ఉద్యోగమంతా కోర్టుహాల్లో, జడ్జిగారి పక్కన కూర్చుని, సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడంతోనే గడిచింది. నిజం చెప్పేవాడు ఎక్కడ తడబడతాడో, అబద్ధం చెప్పేవాడు ఎక్కడ తడబడడో ఆవిడ చెవికి తెలుసు. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక ఈ పని మొదలుపెట్టారు. మేనల్లుడి కథ వేరు. వాడు బీమా కంపెనీలో క్లెయిములు విచారించేవాడు. ఎవరేం చెప్పినా నమ్మేస్తున్నాడని వాళ్ళు ఇంటికి పంపేశారు. "ఫర్వాలేదురా అల్లుడూ, నమ్మేవాడొకడు ఎదురుగా ఉంటే జనం ధారాళంగా మాట్లాడతారు," అని అత్తయ్య వాణ్ణి తన దగ్గర పెట్టుకున్నారు. ఆ మాట పొగడ్తో కాదో వాడికి ఇప్పటికీ తేలలేదు. అయినా అత్తయ్యంటే వాడికి ప్రాణం.

"ముందు మంచినీళ్ళు తాగండి," అన్నారు స్టెనోగారు. "భయపడుతూ చెబితే సగం మాటలు లోపలే ఉండిపోతాయి."

దర్జీ ఆవిడ నీళ్ళు తాగింది. తర్వాత మాట తన్నుకొచ్చింది.

"మా ఆయన జైల్లో ఉన్నాడమ్మా. యావజ్జీవం. చేసిందానికే వేశారు, కాదనను. వయసులో ఉండగా కోపమొచ్చి ఒక మనిషిని కొట్టాడు, ఆ మనిషి పోయాడు. అప్పట్నుంచీ జైలు వంటశాలే ఆయన లోకం. అక్కడ అందరూ వంటమాస్టారంటారు. ఇప్పుడు ఒంట్లో బాగాలేదు. ఆగని దగ్గు. నెలనెలా ఒక చొక్కా కుట్టి పట్టుకెళ్తాను. వెళ్ళినప్పుడల్లా కిందటిసారి కంటే ఒళ్ళు తగ్గించి కుట్టాల్సి వస్తోంది. నా చేత్తో నేనే ఆయన్ని కత్తిరించేస్తున్నట్టుంది."

మేనల్లుడు ముక్కు చీదుకున్నాడు. స్టెనోగారు వాడివైపు చూడకుండా, "విడుదలకి అర్జీ పెట్టారా?" అని అడిగారు.

"పెట్టాను. ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, వదలక్కర్లేదన్నారు. ఊరుకోలేక మళ్ళీ పెట్టాను. నిన్న పొద్దున షాపుకి ఒకాయన వచ్చాడు. ఖరీదైన సూటు, మెత్తటి మాట. చొక్కా కుట్టాలని చేతులు చాపి కొలతలిస్తూనే, 'ఊరికే అర్జీలు పెట్టకమ్మా, ఓపిక పట్టు. అల్లరి చేస్తే ఉన్న ములాఖత్ కూడా పోతుంది' అన్నాడు. పేరు చెప్పలేదు."

"మీ ఆయన చొక్కా కుట్టడంలో ప్రత్యేకం ఏమైనా ఉందా?"

ఈ ప్రశ్న ఎందుకో దర్జీ ఆవిడకి అర్థంకాలేదు, అయినా చెప్పింది. "ఎడమ భుజం దించి కుడతానమ్మా. పెళ్ళికి ముందే లారీ మీంచి పడి మెడ కింద ఎముక విరిగింది. సరిగ్గా అతుక్కోలేదు, ముడిపడిపోయింది. మామూలు చొక్కా వేస్తే పక్కకి జారిపోతుంది."

"జైల్లో ఎవరైనా ఆయన్ని కనిపెట్టుకుని ఉంటున్నారా?"

"ఎవరో పుణ్యాత్ములమ్మా. ఎక్స్‌రే తీసిన వారం నుంచీ మెత్తటి తలగడ, పాలు, నొప్పి తగ్గే పెద్ద మాత్రలు పంపుతున్నారట. వార్డరు తెచ్చి మంచం మీద పెట్టిపోతాడు. ఎవరిచ్చారంటే నోరు విప్పడు. డాక్టరుగారే అయ్యుంటారని మా ఆయన అనుకుంటున్నాడు."

ఆవిడ వెళ్ళాక మేనల్లుడు ఆనాటి పేపరు తెచ్చి ముందు పరిచాడు.

"అత్తయ్యా, అదే జైలు గురించి పడింది, చూశావా? చిన్నదొరని వదిలేస్తారట."

చిన్నదొర సంగతి ఊరంతటికీ తెలుసు. పక్క దీవి దేశంలో చమురు మంత్రి కొడుకు. సరదాకి ఇక్కడికొచ్చి, తాగి మోటారు పడవ నడిపి, చేపల పడవ మీదికి ఎక్కించాడు. పడవవాడు చనిపోయాడు. మన కోర్టు మొహమాటపడకుండా పదేళ్ళు వేసింది. ఇప్పుడు అతనికి ఊపిరితిత్తుల్లో గడ్డ అనీ, చివరి రోజులు తల్లిదండ్రుల దగ్గర గడపనివ్వాలనీ విడుదల మండలి ముందుకు అర్జీ వచ్చింది. పేపర్లో పెద్ద బొమ్మ వేశారు. పెద్దాసుపత్రి నిపుణుడు ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూపిస్తున్నాడు. పక్కన ఒక చమురు కంపెనీ సలహాదారు. మానవత్వం గెలవాలని ఆయన అన్నట్టు బొమ్మ కింద వేశారు.

"చమురు కంపెనీకి ఖైదీల మీద ఎందుకురా అంత ప్రేమ?"

"జైలు ఆసుపత్రికి ఎక్స్‌రే మిషన్ ఇచ్చింది వాళ్ళే అత్తయ్యా. మంచివాళ్ళలాగే ఉన్నారు."

"ఆ దీవి చుట్టూ సముద్రంలో నూనె తవ్వుకోడానికి వాళ్ళకి అనుమతి కావాలి. సంతకం పెట్టాల్సింది చిన్నదొర తండ్రి. అందులో మన ప్రభుత్వానికీ వాటా ఉంది. ఈ బొమ్మలో నీకేం కనిపిస్తోంది?"

మేనల్లుడు కళ్ళు చికిలించాడు. "ఊపిరితిత్తి మీద తెల్లటి మచ్చ. పాపం. ఇంకేం లేదు. పైన ఎముక దగ్గర కాస్త ముడిలా ఉంది. డాక్టరుగారి బొటనవేలు పడ్డట్టుంది."

"డాక్టరుగారి బొటనవేళ్ళు రెండూ కిందున్నాయి చూడు," అని స్టెనోగారు పేపరు మడిచారు. "పద, జైలుకి."

జైలు డాక్టరు గదిలో మందు వాసన కంటే తడిసిన సున్నం వాసనే ఎక్కువగా ఉంది. బల్ల మీద ఎర్ర మందు సీసాలు వరసగా ఉన్నాయి. ఆయన రోజంతా రోగుల్ని చూసి విసిగిపోయి ఉన్నాడు.

"వంటమాస్టారికీ చిన్నదొరకీ ఒకే పూట ఎక్స్‌రే తీయించాను. ఆరగానే కవర్లలో పెట్టి, పైన పేర్లు రాసి జైలరుగారి గదికి పంపాను. అక్కణ్ణించి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. చదివి చెప్పాల్సింది నిపుణుడే, నాకు ఆ అధికారం లేదు."

"వంటమాస్టారికి ఏమీ లేదంటే మీరు నమ్మారా?"

"నమ్మలేదు. ఆ దగ్గు నాకు నచ్చలేదు. కానీ నాకంటే పెద్దాయన సంతకం చేశాక నా అనుమానం ఎవడిక్కావాలి?"

"నొప్పి మాత్రలు మీరే పంపుతున్నారా?"

డాక్టరు ఎర్ర సీసాల వైపు చెయ్యి చూపించాడు. "నా దగ్గరున్నది ఇదొక్కటే. కాలు విరిగినా ఇదే, కడుపు నొప్పయినా ఇదే. ఆ మాత్రలెవరో బయట కొనుంటారు."

జైలరుగారి గది ఇంకో రకంగా ఉంది. కిటికీలో పూల కుండీలు, గోడకి ఖైదీలు వేసిన బొమ్మలు. లావుపాటి మనిషి, నవ్వితే బల్ల కూడా కదిలేటట్టు నవ్వుతాడు. మేనల్లుడికి ఇట్టే నచ్చేశాడు.

"వంటమాస్టారా? బంగారం లాంటి మనిషి. నేనీ ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన చేతి భోజనమే తింటున్నాను. ఇంట్లో అలిగి మరీ ఇక్కడ తిన్న రోజులున్నాయి." నవ్వు సగంలో ఆగింది. "ఇప్పుడు పొయ్యి దగ్గరికి పోనివ్వడం లేదు లెండి. పొగ ఆయనకి పడదు. నీడలో కూర్చుని కూరలు తరగమన్నాను."

"ఆ ఎక్స్‌రే కవర్లు మీ గదిలో ఎంతసేపున్నాయి?"

"ఆ రోజంతా ఉన్నాయి. మర్నాడు వ్యాను వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది." ఈ మాట మాత్రం ఆయన కుండీల వైపు చూస్తూ చెప్పాడు.

సలహాదారు ఆఫీసు సముద్రం కనిపించేటంత ఎత్తులో ఉంది. కార్పెట్ మీద అడుగు వేస్తే చప్పుడు కూడా రాలేదు. ఆయన వెనకటికి హోం శాఖలో పెద్ద అధికారి. రిటైరైన వెంటనే కంపెనీలో చేరాడు. స్టెనోగార్ని ఎదురొచ్చి తీసుకెళ్ళి మరీ కూర్చోబెట్టాడు.

"చిన్నదొర విడుదల గురించి రెండు మాటలు తెలుసుకుందామని వచ్చాను," అన్నారు స్టెనోగారు.

"తప్పకుండా. ఇది రాజకీయం కాదు, అనుమతులకీ దీనికీ సంబంధం లేదు. జబ్బుపడ్డవాణ్ణి ఇంటికి పంపడం మానవ ధర్మం. పేదా గొప్పా తేడా మాకు లేదు. ఇప్పుడీ అబ్బాయి వెళ్తాడు. వచ్చే సమావేశంలో ఆ వంటాయన వంతూ వస్తుంది. అంతా సవ్యంగా జరిగిపోతుంది."

"మంచిమాట," అని స్టెనోగారు లేచారు.

లిఫ్టులో మేనల్లుడు, "ఎంత మర్యాదస్తుడు అత్తయ్యా! వంటమాస్టారి గురించి కూడా ఆలోచిస్తున్నాడు," అన్నాడు.

"అదేరా. ఏ జబ్బూ లేదని వెనక్కి పంపిన మనిషికి వంతెలా వస్తుంది? అయినా వంటాయన మాట నేను ఎత్తానా?"

మేనల్లుడు గుర్తు తెచ్చుకున్నాడు. ఎత్తలేదు.

విడుదల మండలికి అధ్యక్షురాలు హోం కార్యదర్శి. ఆవిడ కొత్తగా నల్లకోటు వేసుకుని వాదించిన రోజుల్లో, ఆ వాదనలు రాసుకున్నది స్టెనోగారే. ఆ పరిచయంతో ఫోన్ చేసి, చిన్నదొర ఫైలు మీద సంతకం చేసేముందు అందర్నీ ఒకసారి హాల్లో కూర్చోబెట్టమని అడిగారు. వంటమాస్టార్ని కూడా తీసుకురమ్మన్నారు.

సమావేశం రోజు పొద్దున హాలు బయట వరండాలో స్టెనోగారు మేనల్లుణ్ణి టీ తెమ్మని పంపేశారు. వాడు కప్పులతో తిరిగొచ్చేసరికి అత్తయ్య దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

"మనం గెలిస్తే అది మంచి వార్త కాదమ్మా. ముందే చెప్పాలనిపించింది."

దర్జీ ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, అసలు ఏడవనే లేదు. "నాకు తెలుసమ్మా. చొక్కాలు చెబుతూనే ఉన్నాయి. ఇంటికి తెచ్చుకోనివ్వండి, చాలు."

మేనల్లుడు గోడ వైపు తిరిగి రెండు టీలూ తనే తాగేశాడు.

హాల్లో అందరూ సర్దుకున్నారు. నిపుణుడు, జైలు డాక్టరు, జైలరు ఒక పక్క. సలహాదారు ఇంకో పక్క. చిన్నదొర మంచి కోటు వేసుకుని, చేతిరుమాల్లోకి అప్పుడప్పుడూ దగ్గుతున్నాడు. వంటమాస్టార్ని ఇద్దరు వార్డర్లు తీసుకొచ్చారు. మధ్యలో ఇనప జాలీ లేకుండా భార్య కనిపించేసరికి ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు.

"ఏంటిలా చిక్కిపోయావు?" అన్నాడు చివరికి.

"నువ్వే అడగాలి ఆ మాట!" అంది ఆవిడ.

"స్టెనోగారూ," అన్నారు కార్యదర్శి. "పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. ఈ సంతకం ఈ రోజే కావాలట. మీరు చెప్పేదేదో త్వరగా చెప్పండి."

స్టెనోగారు చిన్నదొర ఫిల్ము దీపం పెట్టె మీద పెట్టించారు. "డాక్టరుగారూ, గడ్డ సంగతి వదిలేయండి. పైన ఆ ఎముక సంగతేంటి?"

నిపుణుడు దగ్గరికెళ్ళి చూశాడు. "ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. పాత సంగతి. జబ్బుకి సంబంధం లేదని పట్టించుకోలేదు."

"అలా అతుక్కున్న మనిషి భుజం ఎలా ఉంటుంది?"

"కిందికి వాలుతుంది. బయటికే తెలుస్తుంది."

"చిన్నదొరగారూ, కాస్త కోటు తీసి నిలబడండి బాబూ."

చిన్నదొర తన తండ్రి పంపిన మనుషుల కోసం చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. కోటు తీశాడు. రెండు భుజాలూ త్రాసు పెట్టి తూచినట్టు సమంగా ఉన్నాయి. ఎవరూ అడక్కుండానే వంటమాస్టారు లేచి నిలబడ్డాడు. ఎడమ భుజం వాలి ఉంది. ఒంటి మీద ఆ వాలుకి సరిగ్గా సరిపోయేటట్టు కుట్టిన చొక్కా ఉంది.

నిపుణుడు మళ్ళీ ఫిల్ము వైపు తిరిగాడు. "నేను ఫిల్ములే చూశాను. మనుషుల్ని చూడలేదు. ఈ ఫిల్ము... ఇది ఈయనది." ఆయన వంటమాస్టారి దగ్గరికి వెళ్ళి, చేతులు పట్టుకున్నాడు.

"అంటే జబ్బు నాకా?" అన్నాడు వంటమాస్టారు నెమ్మదిగా. భార్య వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. ఆయన కూడా తల ఊపి కూర్చున్నాడు.

"కవర్లలో ఫిల్ములు మారాయి," అన్నారు స్టెనోగారు. "మార్చింది ఎవరన్నదే మిగిలింది. డాక్టరుగారు మార్చి ఉండొచ్చు, వ్యాను మనిషి మార్చి ఉండొచ్చు. కానీ మార్చినవాడికి ఒక సంగతి తప్పకుండా తెలిసుండాలి. వంటమాస్టారికి జబ్బుందన్న సంగతి. రిపోర్టు చదివిన లోకమంతా ఆయన ఆరోగ్యంగా ఉన్నాడనుకుంటోంది. ఒక్క మనిషి మాత్రం అనుకోలేదు. బయట కొని నొప్పి మాత్రలు పంపాడు, తలగడ పంపాడు, పాలు పంపాడు. అనుమానంతో ఎవరూ అంత పెద్ద మాత్రలు కొనరు, తెలిసినవాళ్ళే కొంటారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్న మనిషిని, పొగ పడదని పొయ్యి దగ్గర్నుంచి తప్పించింది కూడా ఆ మనిషే. కవర్లున్న బీరువా తాళమూ ఆయన దగ్గరే ఉంది. చెడ్డవాడైతే దొరికేవాడు కాదు. జాలి వల్లే దొరికాడు."

అందరూ జైలరు వైపు తిరిగారు. ఆ పెద్ద శరీరం కుర్చీలో కుంగిపోయింది.

"ఇద్దరూ వెళ్ళిపోతారన్నారు," అన్నాడు. "ముందు చిన్నదొర, వెనకే వంటమాస్టారు. కొద్ది నెలల తేడాయే కదా, ఎవరికీ నష్టం లేదన్నారు. ఫిల్ములు కంపెనీ డాక్టరుకి చూపించి, అది గడ్డ అని కూడా వారే చెప్పారు. నాకు ఉద్యోగమిచ్చిన సారు అడిగితే కాదనలేకపోయాను. తర్వాత రాత్రిళ్ళు ఆ దగ్గు నా క్వార్టర్సు దాకా వినిపించేది. ఆ కొద్ది నెలలూ ఆయనకి ఉన్నాయో లేవో నేనడగలేదు."

"ఏ సారు?" అన్నారు కార్యదర్శి.

జైలరు నోరు విప్పేలోపే సలహాదారు లేచాడు. "ఇతనెవరో నాకు సరిగ్గా తెలీదు. ఆ వంటాయన గురించి నేను వినడమే ఇప్పుడు."

"మొన్న మీ ఆఫీసులో, వచ్చే సమావేశంలో ఆయన వంతు వస్తుందని మీరే అన్నారు," అన్నారు స్టెనోగారు. "నేనడక్కుండానే."

"మీరు తప్పుగా విన్నారు."

మేనల్లుడు నిలబడ్డాడు. "నేనూ విన్నాను సార్. మీరెంత మంచివారో అని కూడా అనుకున్నాను."

అప్పటిదాకా సలహాదారునే తేరిపార చూస్తున్న దర్జీ ఆవిడ మెల్లగా అంది. "చొక్కా కుట్టేశాను బాబూ. పట్టుకెళ్ళడానికి రాలేదేం?"

సలహాదారు కూర్చున్నాడు. వేరేవాళ్ళని పంపితే మాట పొక్కుతుందని తనే వెళ్ళిన తెలివికి, అప్పుడాయన తన్ను తాను ఎంత తిట్టుకున్నాడో తెలీదు. కార్యదర్శి చిన్నదొర ఫైలు మూసి పక్కకి నెట్టి, "పైవాళ్ళు ఫోన్ చేస్తే నేను హాల్లో లేనని చెప్పండి," అని గుమాస్తాకి చెప్పి, వంటమాస్టారి అర్జీ తీసి అక్కడికక్కడే సంతకం చేశారు.

తర్వాత జరిగిందంతా కథల్లోలా జరగలేదు. జైలరు ఉద్యోగం పోయింది, కేసు నడుస్తోంది. సలహాదారు మీదా కేసు పెట్టారు గానీ, ఆయనకి పెద్ద లాయర్లున్నారు. కంపెనీ ఆయనెవరో తెలీనట్టు ఒక ప్రకటన ఇచ్చి ఇంకో సలహాదార్ని పెట్టుకుంది. చిన్నదొర శిక్ష అనుభవిస్తున్నాడు. సముద్రంలో నూనె సంగతి ఇంకా మాటల్లోనే ఉంది. మేనల్లుడు ఇవన్నీ పేపర్లో చదివి ఉడికిపోతుంటే, స్టెనోగారు, "సముద్రం మన చేతిలో లేదురా. ఒక మనిషి ఇంటికి చేరాడు. అది చూసొద్దాం పద," అన్నారు.

ఇద్దరూ పళ్ళు కొనుక్కుని దర్జీ షాపు మీదున్న ఇంటికి వెళ్ళారు. వైద్యం మొదలైందనీ, కొంతకాలం బాగానే ఉంటాడని నిపుణుడు చెప్పాడనీ అప్పటికే తెలుసు. మెట్లెక్కుతుండగానే లోపల్నుంచి మాటలు వినిపించాయి.

"వంటింట్లోకి రావద్దన్నానా లేదా? డాక్టరు ఏమన్నాడు?"

"నువ్వు వండింది తిను అని మాత్రం అనలేదు. ఇన్ని గరిటెలుండి ఇదా కలపడం?"

"ఇన్నేళ్ళూ ఇదే తిన్నాను. బతికే ఉన్నాగా?"

"అదే నాకూ ఆశ్చర్యంగా ఉంది. జరుగు, జరుగు. ఆ కుర్చీ ఇటు లాగు, కూర్చునే కలుపుతాను."

"చెప్తే వినవు కదా! ఆ చొక్కా చేతులు మడుచుకో ముందు. ఉతికేది నేనే."

మేనల్లుడు తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు. స్టెనోగారు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించారు.

"ఇప్పుడొద్దురా," అన్నారు గుసగుసగా. "ఎన్నేళ్ళయిందో పోట్లాడుకుని. పోట్లాడుకోనీ."

పళ్ళ సంచీ గుమ్మం పక్కన పెట్టి, అత్తా అల్లుడూ చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయారు.